కీర్తికకు వేసిన ఓట్లు

"ఎన్ని ఫోన్లన్నా?"

దీక్షిత ఇలా అడగడం మూడోసారి. మొదటిసారి నవనీత్ నవ్వి ఊరుకున్నాడు. రెండోసారి ఇడ్లీ మీద పొడి చల్లుకుంటూ విననట్టు నటించాడు. ఈసారి పళ్ళెం పక్కకు జరిపాడు.

"యా ఫోన్లు?"

"ఆడి శుక్రవారం గుడికాడ నీ చేతికిచ్చిన ఫోన్లు. కీర్తికకు వెయ్యమని ఇచ్చినోళ్ళు ఎంతమంది?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తల్లి కన్యకాపరమేశ్వరి గుమ్మం దాకా వచ్చింది గాని గడప దాటలేదు.

"పొద్దున్నే ఏంది ఈ పంచాయితీ? ఆదివారం ఫైనల్ పెట్టుకొని గొంతు చించుకుంటా ఉండావు. పోయి మిరియాల కషాయం తాగు" అన్నాడు నవనీత్.

"ఎన్ని ఫోన్లు?"

ఇరవై మూడేళ్ళవాడు, బజారులో తండ్రి పాత్రల అంగడిలో కూర్చుని ఎంతటి బేరగాళ్ళనైనా మాటలతో పడగొట్టేవాడు, పదహారేళ్ళ చెల్లెలి కళ్ళలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాడు. అప్పుడే దీక్షితకు జవాబు తెలిసిపోయింది. తెలిసినా వాడి నోటితోనే చెప్పించాలని ఆ పిల్ల మొండితనం.

"పందొమ్మిది" అన్నాడు చివరికి.

ఒక్కో ఫోనుకు పది ఓట్లు. చానెల్ వాళ్ళు పెట్టిన పద్ధతి అది. యాభై రూపాయలు కడితే పది ఓట్లు, ఒక నంబరుకు ఒక్కసారే. పందొమ్మిది ఫోన్లంటే నూట తొంభై ఓట్లు. శనివారం సాయంత్రం చెన్నైలో "గొంతు మనదే" సెమీఫైనల్ వేదిక మీద కీర్తిక దీక్షిత చేతిలో ఓడిపోయింది నూటపద్దెనిమిది ఓట్ల తేడాతో.

జడ్జీలు ముగ్గురూ కీర్తికకే ఎక్కువ మార్కులు వేశారు. వెనక తెర మీద ఓట్ల అంకెలు గిర్రున తిరిగి ఆగేసరికి ఆ మార్కులు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. కీర్తిక ఏడవలేదు. దీక్షితను వాటేసుకుని, "ఆదివారం నా పాట కూడా నువ్వే పాడాల దీక్షీ" అని చెవిలో చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ మాట దీక్షితను రెండు రోజులుగా వదల్లేదు. ఈ ఉదయం దాకా అది దిగులు మాత్రమే. ఇప్పుడు భయం.

ఉదయం ఇస్త్రీ బట్టలు తెచ్చిన ఏలుమలై, బట్టల మూట దించి తన ఫోను తీసి చూపించాడు. అతనిది కీర్తిక వాళ్ళ సందే. నీకు కాకుండా మా సందు పిల్లకు వేయించాను, కోపం పెట్టుకోవద్దు పాపా అంటూ, ఓటు వేసినప్పుడు వచ్చిన మెసేజీ తెలుగులో ఉంది, ఏం రాసుందో చెప్పమని తమిళంలో అడిగాడు. దీక్షిత చదివింది. మీ పది ఓట్లు ఎస్. దీక్షితకు చేరాయి అని ఉంది.

"థాంక్స్ చెప్పినారు, అంతే" అని ఫోను ఇచ్చేసింది.

ఉప్పళం పేటలో తెలుగు మాట్లాడే ఇళ్ళకు కొదవ లేదు. తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు కావాలంటే మాత్రం వీధులన్నీ తిరగాలి. తరతరాలుగా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. చానెల్ వాళ్ళకేమో భాషాభిమానం పొంగింది. బయటి రాష్ట్రాల్లో ఉన్న తెలుగు పిల్లల పోటీ కాబట్టి ఓటు వేసే యాప్‌లో పేర్లూ మెసేజీలూ అన్నీ తెలుగులోనే పెట్టారు. దీక్షిత ఆరు నెలలు నటేశన్ నగర్‌లో ఒక టీచరమ్మ ఇంటికి వెళ్ళి అక్షరాలు దిద్దుకుంది. కీర్తిక తండ్రి శివరామన్ తట్టాంచావడిలో లేతు మిషను మీద పని చేస్తాడు. ఆ పిల్లకు టీచరమ్మ ఎక్కడిది? పాటలు తమిళంలో రాసుకుని పాడేది.

నవనీత్‌కు తెలిసిన తెలుగు అక్షరాలు రెండే పేర్లవి. ఎస్. దీక్షిత, ఎస్. కీర్తిక. ఆ రెండు పేర్లూ గుర్తుపట్టడం నేర్పింది దీక్షితే. ఇది నేనన్నా, ఇది కీర్తికన్నా, ఎవరికి వెయ్యమంటే వాళ్ళకు నొక్కు అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ నేర్పింది.

"అందరూ చూస్తా ఉండగానే నొక్కినావా?" అని అడిగింది.

"చూస్తే ఏం తెలుస్తాది వాళ్ళకు?"

అన్నాక తానే ఉలిక్కిపడ్డాడు నవనీత్. ఎంత నీచమైన మాటో నోరు దాటాక గాని తెలియలేదు.

ఆడి నెల శుక్రవారాల్లో అమ్మవారి గుడి ముందు కూళు పోస్తారు. పెద్ద పెద్ద అండాల్లో రాగి అంబలి కాచి, ఉల్లిపాయ ముక్కలు కలిపి, గిన్నె పట్టుకొచ్చిన ప్రతివాళ్ళకూ పోస్తారు. ఒక శుక్రవారం ఖర్చు దీక్షిత తండ్రి సుబ్రమణ్యం కుటుంబానిది. ఆయన తండ్రి కాలం నుంచీ అంతే. ఈ ఏడు అండాల పక్కనే ఒక బల్ల వేయించారు. ఊరి పిల్లలు ఇద్దరు టీవీలో పాడుతున్నారు, ఓటు వెయ్యడం చేతకానివాళ్ళు ఫోను తెచ్చుకుంటే మావాడు వేసిపెడతాడు, ఏ పిల్లకు వెయ్యమంటే ఆ పిల్లకే అని సుబ్రమణ్యం నలుగురికీ చెప్పాడు. జనం ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో ఫోనుతో వరసలో నిలబడ్డారు. కూళు పోసే సెట్టియారు కొడుకు చేతిలో ఫోను పెట్టడానికి ఎవరికి అనుమానం వస్తుంది?

"తప్పేంది ఇందులో?" నవనీత్ గొంతు పెంచాడు. "ఓటును అమ్మకానికి పెట్టింది నేనా? యాభైకి పది అని వాళ్ళే అమ్ముతా ఉండారు. సేలం నుంచి పోటీకొచ్చిన పిల్లోడి మామ ఆఫీసులో ఐదు వందల మంది చేత కొనిపించినాడంట. అది న్యాయమా? పాటకు మార్కులేస్తే సరిపోదా, ఓట్లెందుకు అమ్మాల? ఇది అంగడి దీక్షీ. అంగడిలో అందరూ చేసేదే నేనూ చేసినాను."

"మన డబ్బుతో మన ఓట్లు కొనుంటే నేనేమీ అననన్నా. అది ఆ అవ్వలు చెంగు ముడిలోంచి తీసిచ్చిన యాభై. కీర్తిక కోసం ఇచ్చినారు."

"సుమ్మా ఉండండి ఇద్దరూ, అరవద్దు" అంటూ పూజగదిలోంచి సుబ్రమణ్యం వచ్చాడు. నుదుట చందనం ఇంకా తడిగానే ఉంది. అంగడి తెరిచే వేళ దాటిపోయినా ఆయన తాళాలు అందుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కొడుకు మొహం, కూతురి మొహం మార్చి మార్చి చూశాడు.

"నాయనా, నీకు తెలుసునా?" అంది దీక్షిత.

సుబ్రమణ్యం భుజం మీది తువ్వాలు తీసి మడిచాడు. విప్పి మళ్ళీ మడిచాడు.

"ఆ సాయంత్రమే తెలిసింది."

"ఏమన్నావు అన్నను?"

"ఏమంటాను? వేసిన ఓటు వెనక్కి వస్తాదా?"

దీక్షితకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. అన్న తప్పు చేస్తే కోపం వచ్చింది, అంతే. తండ్రి తెలిసీ తెలియనట్టు ఇన్ని రోజులు తనకు ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడంటే కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

"నేను చానెల్‌కు ఫోన్ చేస్తాను" అంది.

"చేసి?"

"ఉండేది ఉన్నట్టు చెప్తాను. ఆ ఓట్లు కీర్తికవి. ఫైనల్ కూడా కీర్తికదే."

"మా అన్న దొంగ అని చెప్తావా? పోలీసులొచ్చి తీసకపోతారు, చూస్తా ఉంటావా?" నవనీత్ లేచి నిలబడ్డాడు. "ఎవరి కోసం చేసినాను నేను? నాకేమైనా పాట వస్తాదా?"

"నేను అడిగినానా?"

"అడగలేదు. ఒక్కో వారం ఓట్లు తక్కువైనప్పుడు మూల కూర్చొని ఏడిస్తే అడిగినట్టు కాదా?"

ఇది మాత్రం నిజం. దీక్షితకు తగలవలసిన చోటే తగిలింది. ఆ పిల్లకు ఆదివారం కావాలి. చిన్నప్పటి నుంచీ కావాలి. ఆ వెలుతురు, ఆ మైకు, వెనక నలభై వాయిద్యాలు. కీర్తిక ఓడిపోయిన క్షణంలో తన గుండెలో దిగులు కంటే ముందు లేచింది సంతోషమేనని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగిన సంగతి కాదు.

సుబ్రమణ్యం మెల్లగా అన్నాడు. "పాపా, గుడికాడ మా నాయన చేత్తో పోసిన కూళు అది. నలభై ఏండ్లుగా ఈ పేట మన ముందర గిన్నె పెడతా ఉండాది. ఈ మాట బయటికి పొక్కితే మళ్ళా ఎవరైనా పెడతారా? నీ పాట ఒక్క ఆదివారంతో అయిపోతాది. మేము ఈ వీధిలోనే తిరగాల."

"మరి కీర్తిక యాడ తిరగాల నాయనా?"

కన్యకాపరమేశ్వరి గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడి ఉంది. ఇంత మాటల్లోనూ ఆమె పెదవి కదపలేదు. ఆ ఇంట్లో ఆమె మౌనం ఎవరి పక్షమో ఎవరికీ ఏనాడూ తెలియదు.

నవనీత్ కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగి చూశాడు. చూసి ఒక్కసారిగా వెనక్కి జరిగాడు.

"నాయనా, శివరామన్ ఉండాడు."

"యాడ?"

"ఏలుమలై బండికాడ."

సోమవారం పది గంటలకు శివరామన్ తట్టాంచావడి షెడ్డులో మిషను ముందు ఉండాలి. ఉద్యోగంలో చేరాక ఒక పూట మానినవాడు కాదు. అలాంటివాడు ఖాకీ చొక్కా కూడా లేకుండా, లుంగీతో, ఇస్త్రీబండి పక్కన నిలబడి ఏలుమలై ఫోనులోకి చూస్తున్నాడు. పక్కన ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఏలుమలై ఏదో చెప్తూ చెయ్యెత్తి ఈ ఇంటి వైపు చూపించాడు. అందరి తలలూ ఇటు తిరిగాయి.

"ఆళ్ళకు చదవను రాదు కదా" అన్నాడు సుబ్రమణ్యం. అడిగినట్టు లేదు, వేడుకున్నట్టు ఉంది.

"మనిషే చదవాల్నా నాయనా?" అంది దీక్షిత. "ఇంకో ఫోను చూపిస్తే ఆ ఫోనే చదివి పెడతాది ఇప్పుడు. ఎన్నాళ్ళు దాగుతాది ఇది?"

అంతలో కింద గేటు గొళ్ళెం చప్పుడైంది. మెట్ల మీద అడుగులు. ఒక మెట్టుకు ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ ఎక్కుతున్న ముసలి అడుగులు.

"సెట్టియారూ, ఇంట్లో ఉండారా?"

జయలక్ష్మమ్మ గొంతు. కీర్తిక వాళ్ళ అవ్వ.

నవనీత్ మొహం పాలిపోయింది. సుబ్రమణ్యం కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు. అప్పుడు కదిలింది కన్యకాపరమేశ్వరి. గడప దాటి వచ్చి కూతురి జడ సరిచేస్తున్నట్టు వంగి, చెవి దగ్గర చెప్పింది.

"చదవమంటే పేరు ఒక్కటి మార్చి చదువు. ఒక్క పేరు. మీ అన్న బతుకు నీ నోట్లో ఉండాది."

చెప్పి, ఏమీ చెప్పనట్టే గుమ్మం వైపు నడిచింది. "రాండి అత్తా, రాండి. ఎండలో పడి వచ్చినారు. కాఫీ తాగుతారా, మజ్జిగ ఇయ్యనా?"

"ఏమీ వద్దు తల్లీ." జయలక్ష్మమ్మ బల్ల మీద కూర్చోలేదు, నేల మీదే చతికిలబడింది. డెబ్బై దాటిన మనిషి. చెంగుతో మెడ తుడుచుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి. "పాపతో ఒక పని ఉండి వచ్చినాను. అయినాక పోతాను."

"చెప్పవ్వా" అంది దీక్షిత.

జయలక్ష్మమ్మ నడుం దగ్గరి సంచిలోంచి ఫోను తీసింది. పాతది, అద్దం మూల పగిలింది. దాన్ని చీర అంచుతో తుడిచి ఇచ్చింది.

"ఆ రోజు మీ అన్న ఓటేసినాక ఏందో వచ్చింది ఇందులో. ఏం రాసుందో చదివి చెప్పు తల్లీ. ఉండేది ఉన్నట్టు చెప్పు. ఈ పేటలో తెలుగు చదివే బిడ్డవు నువ్వొక్కదానివే."

దీక్షిత మెసేజీ తెరిచింది. వెతకనక్కరలేకపోయింది. ముసలామెకు వచ్చిన మెసేజీలే నాలుగో అయిదో. ఓటు వేసినందుకు ధన్యవాదాలు. మీ పది ఓట్లు ఎస్. దీక్షితకు చేరాయి. తన పేరు. టీచరమ్మ మొట్టమొదట దిద్దించిన అక్షరాలు అవే. దీర్ఘం ఎక్కడ పెట్టాలో, క్ష ఎలా తిప్పాలో ఎంత మురిపెంగా నేర్చుకుంది! ఇప్పుడు ఆ పేరు చూస్తే అసహ్యం వేసింది.

తలెత్తింది. నవనీత్ గోడకు ఆనుకుని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. చిన్నప్పుడు బడి నుంచి చెడ్డ మార్కులు తెచ్చిన రోజు కూడా అలాగే నిలబడేవాడు. తండ్రి నేల చూస్తున్నాడు. తల్లి మాత్రం సూటిగా తననే చూస్తోంది.

నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం వచ్చింది, కాసేపు నిలిచింది.

"ఓటు వేసినందుకు ధన్యవాదాలు" అని చదివింది దీక్షిత. "మీ పది ఓట్లు ఎస్. కీర్తికకు చేరాయి."

గోడ దగ్గర నవనీత్ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"కీర్తిక అనే ఉందా తల్లీ? బాగా చూసినావా?"

"అవునవ్వా. కీర్తిక అనే ఉంది."

జయలక్ష్మమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. సంతోషం కాదది. దీక్షితకు ఏమీ అర్థం కాలేదు.

"అవ్వా, ఏమైంది?"

"ఏం చెప్పను తల్లీ. మా కీర్తికకు ఎంత పాడుబుద్ధి పుట్టిందో చూడు. పొద్దున వాళ్ళ నాయన ఫోను తెచ్చి నా ఫోను మీద పట్టుకొని, ఆ మిషను చదివింది, ఇందులో దీక్షిత పేరుండాది, మన ఓట్లు ఆ అన్న మార్చేసినాడు అనింది. నేను నమ్మలేదు. ఏండ్ల తరబడి కూళు పోసే ఇల్లు, అట్టాంటి పని చేస్తారా? మిషనుకేం తెలుసు మన భాష అన్నాను. లేదవ్వా, నిజం అని ఒకటే మొండి. ఓడిపోయిన కడుపుమంటతో, నీ కూడా తిరిగిన పిల్ల మీద నింద వేస్తా ఉండావా అని..." ఆమె కుడిచేతిని చూసుకుంది. "కొట్టినాను తల్లీ. పుట్టినప్పటి నుంచీ దాని మీద చెయ్యి వెయ్యలేదు. పొద్దున చెంప మీద కొట్టినాను."

కన్యకాపరమేశ్వరి వద్దన్నా తెచ్చిన మజ్జిగ గ్లాసును ఆమెకు ఇవ్వకుండా బల్ల మీద పెట్టేసింది.

"ఎవరు చెప్పినా వినలేదు అది" అంది జయలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "సరే పద, ఆ దీక్షితనే అడుగుదాం, ఆ బిడ్డ చదివి చెప్తే నమ్ముతావా అన్నాను. నమ్ముతానవ్వా, దీక్షి అబద్ధం చెప్పదు అనింది. అందుకే వచ్చినాను."

దీక్షిత గుమ్మం వైపు చూసింది.

"కీర్తిక యాడుండాది అవ్వా?"

"కింద ఉండాది. మెట్లకాడ. పైకి రానంటే నేనే వదిలేసినాను." ముసలామె మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచి, గుమ్మం దాకా నడిచి కిందికి వంగింది. "కీర్తికా! పైకి రా. వచ్చి ఈ పిల్లను క్షమాపణ అడుగు."

సుబ్రమణ్యం అప్పుడు లేచాడు. "వద్దమ్మా, పిల్లలు, వదిలెయ్యండి, దానికేముంది" అన్నాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వినిపించుకునేవాళ్ళు లేరు.

మెట్ల మీద అడుగులు. ఇవి తొందర లేని అడుగులు. కీర్తిక గుమ్మంలో నిలబడింది. ఎడమ చెంప ఇంకా ఎర్రగా ఉంది. గదిలో అందరినీ ఒకసారి చూసింది. నవనీత్ దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగింది. తరువాత దీక్షిత ముందుకు వచ్చి కూర్చుంది. చెన్నైలో ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని పాటలు బట్టీ పట్టిన రోజుల్లో కూర్చున్నంత దగ్గరగా.

"ఏం రాసుందంట అవ్వా?" అని అడిగింది, చూపు మాత్రం దీక్షిత మీదనుంచి తిప్పకుండా.

"నీ పేరే. చెప్పలేదా నేను? నీ పేరే ఉందంట."

కీర్తిక తల ఊపింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే దీక్షిత తట్టుకునేదేమో.

"నేను విననేలేదు కదా దీక్షీ" అంది. "నాకూ ఒకసారి చదివి చెప్పు. మా అవ్వ ముందరే."

"చదువు తల్లీ" అంది జయలక్ష్మమ్మ, దీక్షిత తల మీద చెయ్యి పెట్టి. "దీని అనుమానం తీరిపోవాల. నువ్వు చదివితే మళ్ళా నోరెత్తదు."